కృపమ్మ పెంచిన రణపాల

రేపల్లెలో చర్చి వెనక సందులో మూడో ఇల్లు ఎజ్రా మాస్టారిది. ముందు చిన్న వసారా, వెనక బావీ పెరడూ ఉన్న పెంకుటిల్లు. ఆయన మిషన్ ఎలిమెంటరీ స్కూలుకు హెడ్మాస్టరు. పొడగరి, గొంతు పెద్దది. ఆదివారం నాడు ఆయన నిలబడి వాక్యం చదివితే, చెవులు సరిగ్గా వినపడని ముసలివాళ్ళు కూడా తలలూపేవారు. భార్య కృపమ్మ ఆయన భుజం దాకా ఉండేది. ఆమె మాట పక్కింటికి వినపడేది కాదు.

వాళ్ళకు ఒక్కతే కూతురు, సారా. ఆ పిల్లకు తండ్రంటే ప్రాణం. సారా మూడో క్లాసులో ఉండగా ఒక గాలివానకు స్కూలు తాటాకు పాక ఒరిగిపోతుంటే, ఎజ్రా లోపలికి దూరి పదకొండు మంది పిల్లల్ని ఒకరి తర్వాత ఒకరిని చంకనేసుకుని బయటికి తెచ్చాడు. ఆఖరి పిల్లను తెచ్చాక పాక కూలింది. ఆ ఆఖరి పిల్ల సారాయే. "అందరి పిల్లలూ అయ్యాకే నన్ను తెచ్చాడు మా నాన్న" అని పెద్దయ్యాక కూడా చెప్పుకునేది. ఫిర్యాదులా మొదలుపెట్టి గర్వంగా ముగించేది. ట్రైనింగ్ పూర్తయ్యాక ఆమెకు బాపట్లలో ఆడపిల్లల హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. మరో టీచరమ్మతో కలిసి గది తీసుకుని అక్కడే ఉండేది. తండ్రికి వారం వారం ఉత్తరం రాసేది. తల్లికి ఆ ఉత్తరం చివర రెండు వాక్యాలు ఉండేవి.

1968 జనవరిలో ఒక ఆదివారం, ఎజ్రా వాక్యం చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. పుస్తకం పెట్టిన బల్లను రెండు చేతులా పట్టుకున్నాడు. మొహం నిండా చెమట. జనం ఏదో భావావేశం అనుకున్నారు గాని కృపమ్మకు తెలిసిపోయింది, ఆడవాళ్ళ వరసలోంచి లేచి వెళ్ళింది. ఇంటికి తెచ్చాక ఆయన చాప మీద అటూ ఇటూ దొర్లాడు. ఎడమ పక్క నడుములో మొదలైన నొప్పి గజ్జల్లోకి దిగేది, మళ్ళీ పైకి పాకేది. కాంపౌండరు వచ్చి సూది వేస్తే గంటకు సర్దుకుంది.

తర్వాతి వారం తెనాలి వెళ్ళి ఎక్స్‌రే ఫొటో తీయించుకున్నారు. డాక్టరు దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూపించాడు. ఎడమ కిడ్నీలో రాయి. రేగి గింజంత ఉంది.

"ఆపరేషన్ చేసి తీసేయాలండి. ఆలస్యం చేస్తే కిడ్నీ పాడవుతుంది. ఫిబ్రవరి పన్నెండు, సోమవారం. పొద్దున వచ్చి చేరిపోండి" అన్నాడాయన.

ఎజ్రా సరేనన్నాడు. ఏం ప్రశ్నలు అడగలేదు. తిరుగు బండిలో కిటికీ పక్కన కూచుని, రేపల్లె వచ్చేదాకా బయటికే చూస్తూ ఉన్నాడు.

ఆ రోజుల్లోనే రణపాల ఆ ఇంటికి వచ్చింది. అడవులదీవి నుంచి వారానికి రెండుసార్లు బస్సులో గంప తెచ్చుకుని సందులో చేపలమ్మే దానమ్మ, మాస్టారి సంగతి విని ఒక ఆకు తెచ్చింది. తడిగుడ్డలో చుట్టి, కొంగున కట్టుకుని తెచ్చింది. అరచేతిలో సగం ఉంటుంది, దళసరిగా, అంచులు నొక్కులు నొక్కులుగా ఉంది.

"రణపాలాకక్కా. మా ఊళ్ళో దెబ్బ తగిలితే కట్టేదీ ఇదే, రాళ్ళకి తినేదీ ఇదే. పొద్దున్నే పరగడుపున రెండాకులు నమిలితే రాయి కరిగి పడిపోద్ది."

"ఒక్కాకే ఉందిగా దానమ్మా. రెండేం తింటారు?"

దానమ్మ నవ్వింది. "ఇది తినడానిక్కాదు, పెంచడానికి. మట్టి మీద పడెయ్. పూడ్చబాకు, ఊరికే పైన పెట్టు. ఎక్కువ నీళ్ళు పొయ్యబాకు, కుళ్ళిపోద్ది. ఇంకేం చెయ్యక్కర్లేదు. దాని పని అదే చూసుకుంటది."

కృపమ్మ ఖాళీ డాల్డా డబ్బాకు అడుగున మేకుతో చిల్లులు పొడిచి, బావి దగ్గర ఇసుక కలిసిన మట్టి నింపి, ఆకును పైన పెట్టింది. బావి పిట్టగోడ పక్కన, సగం ఎండా సగం నీడా పడే చోట ఉంచింది. వారం దాకా ఏమీ కనపడలేదు. ఎనిమిదో రోజున నొక్కుల్లో ఆవగింజలంత పచ్చటి చుక్కలు లేచాయి. పదో రోజుకు ఒక్కో చుక్కకు రెండు బుల్లి ఆకులు, కింద వెంట్రుకల్లాంటి వేళ్ళు. ఒక్క ఆకు చుట్టూ తొమ్మిది మొక్కలు. తల్లి ఆకు మెల్లగా ముడతలు పడుతుంటే, పిల్లలు నిటారుగా నిలబడుతున్నాయి. కృపమ్మ ఎజ్రాను పిలిచి చూపించింది. ఆయన వంగి చాలాసేపు చూశాడు.

"కోత లేదు, కుట్టు లేదు" అన్నాడు. అప్పుడామె ఆ మాటను పట్టించుకోలేదు.

ఫిబ్రవరి పన్నెండున పొద్దుటి బండికి బయలుదేరారు. ట్రంకు పెట్టె, దుప్పటి చుట్ట, ఫ్లాస్కు. ఆపరేషన్ నాటికి వస్తానని సారా బాపట్ల నుంచి రాసింది, మూడు రోజులు సెలవు కూడా పెట్టింది. బండి భట్టిప్రోలు దాటే దాకా ఎజ్రా బాగానే ఉన్నాడు. వేమూరులో ఆగగానే, "నీళ్ళు పట్టుకొస్తా" అని చెంబు తీసుకుని దిగాడు.

కృపమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఆయన పంపు దగ్గరకు వెళ్ళలేదు. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూచున్నాడు. గార్డు ఈల వేశాడు. ఆయన లేవలేదు. కృపమ్మ పెట్టెను తోసి, చుట్టను విసిరి, కదులుతున్న బండిలోంచి తూలుతూ దిగింది.

"ఏంటండీ ఇది? ఒంట్లో బాలేదా?"

ఎజ్రా ఆమె వైపు చూడలేదు. ఖాళీ చెంబును మోకాళ్ళ మధ్య పెట్టుకుని పట్టాల వైపు చూస్తున్నాడు.

"నేను వెళ్ళలేను కృపా."

ఆమె పక్కన కూచుంది. కాసేపటికి ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. తనకు పాతికేళ్ళ వయసప్పుడు వాళ్ళన్నను కడుపునొప్పితో ఆస్పత్రిలో చేర్చారట. "లోపలికి తీసుకెళ్తూ చొక్కా విప్పించి నాకిచ్చారు. వరండాలో ఆ చొక్కా పట్టుకుని కూచున్నాను. నవ్వుతూనే వెళ్ళాడు కృపా. రెండు గంటల తర్వాత గుడ్డ కప్పి తెచ్చారు. ఆ చొక్కా ఎవరికివ్వాలో నాకు తెలియలేదు." ఆయన ఏడుస్తున్నాడు. "ఆ డాక్టరు పన్నెండో తారీకు అన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. కళ్ళు మూస్తే ఆ ఆపరేషన్ బల్లే."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో కృపమ్మ ఆయన ఏడవడం చూడలేదు. ప్లాట్‌ఫారం మీద ఎవరో చూస్తున్నారని ఆమె కొంగు అడ్డం పెట్టింది.

"పోనీ, ఇంకో డాక్టరుకి చూపిద్దామండి. గుంటూరు వెళ్దాం."

"ఎక్కడైనా బల్లేగా." ఆయన మొహం తుడుచుకున్నాడు. "దానమ్మ ఆకు ఉందిగా. అది తింటాను. ఎంతోమందికి తగ్గిందంటున్నారు."

"మరి సారా?"

ఆ పేరు వినగానే ఆయన బెదిరిన మొహం పెట్టాడు. "సారాకి చెప్పకు. నేనిలా దిగిపోయానని ఆ పిల్లకి తెలియకూడదు. నువ్వే వద్దన్నావని రాయి. ఆపరేషన్ అంటే నీకే ఇష్టం లేదని, ఆకు మందు వాడుదామని పట్టుబట్టావని రాయి. నువ్వంటే సరిపోద్ది. ఆడవాళ్ళు అలాగే అంటారనుకుంటుంది."

ఆ పూట కృపమ్మకు కూతురు గురించిన ఆలోచన కన్నా, పక్కన వణుకుతున్న మనిషి మీద జాలే ఎక్కువగా ఉంది. "సరేనండి" అంది. మధ్యాహ్నం తిరుగు బండిలో ఇంటికి వచ్చేశారు. సాయంత్రం ఆయన చెప్పినట్టే సారాకు కార్డు రాసి పోస్టు డబ్బాలో వేసింది.

ఆ ఏడాదంతా ఆమె పని రణపాలే. తొమ్మిది మొక్కలను తొమ్మిది డబ్బాల్లో వేసింది. అవి చాలకపోతే వోటి కుండలు, మూతి పగిలిన జాడీ, పాత బకెట్టు తెచ్చింది. తెల్లారకముందే కోసిన ఆకు పుల్లగా ఉంటుందనీ, ఎండెక్కాక కోస్తే చప్పగా, సాయంత్రానికి వగరుగా ఉంటుందనీ నాలుకతోనే కనిపెట్టింది. పుల్లగా ఉన్నప్పుడే పని చేస్తుందని తనకు తానే నిర్ణయించుకుని, రోజూ చీకటితో లేచి రెండాకులు తుంచి, కడిగి, ఆయన చేతిలో పెట్టేది. ఎండాకాలంలో మూడు రోజులకొకసారి నీళ్ళు, వానాకాలంలో అసలు పోసేది కాదు, డబ్బాల్ని చూరు కిందికి జరిపేది. ఎక్కడన్నా ఆకు రాలి పడితే అక్కడే మొలిచేది. బావి గట్టు పగుళ్ళలో, బట్టలుతికే రాయి కింద, దొడ్డి తలుపు పక్కన కూడా.

రెండు నెలలకు ఎజ్రాకు మూత్రంలో ఇసుక పడింది. తర్వాత నొప్పి రాలేదు. ఒక నెల, రెండు నెలలు, ఆరు నెలలు. ఆయన మళ్ళీ చర్చిలో గొంతెత్తి చదివాడు. సందులో వాళ్ళు ఆకు కోసం వచ్చారు. కృపమ్మ ఒక్కొక్కరికీ పాత న్యూస్‌పేపరులో ఆకు చుట్టి ఇచ్చి, "పూడ్చొద్దమ్మా, పైన పెట్టండి" అని చెప్పేది. జీవితంలో మొదటిసారి జనం ఆమె గడప తొక్కి ఆమెను సలహా అడిగారు. ఆమె గొంతు కొంచెం పెరిగింది. వేమూరు బెంచీ మీద పట్టుకున్న భయం పోయి, ఆ ఆకును నిజంగానే నమ్మసాగింది. ఈ సంగతి తర్వాత ఆమె తన దగ్గర తాను ఎన్నడూ దాచుకోలేదు.

క్రిస్మస్‌కు సారా వచ్చింది. పెరట్లో వరసగా ఉన్న డబ్బాల్ని చూసింది. చూసి, కాళ్ళు కడుక్కోకుండానే వసారాలోకి వచ్చింది. ఎజ్రా పడక కుర్చీలో పేపరు చదువుతున్నాడు. కృపమ్మ అరిసెల పిండికి బియ్యం చెరుగుతోంది.

"డాక్టరు చెప్పింది కాదని, చేపలమ్మే ఆవిడ మాట పట్టుకుంటావా అమ్మా? రాసిన ఉత్తరాలకి ఒక్కదానికీ సరిగ్గా జవాబివ్వవు. ఏమన్నా అంటే తగ్గింది తగ్గింది అంటావు. ఫొటో తీయించావా తగ్గిందని?"

"నొప్పి లేదుగా అమ్మా" అంది కృపమ్మ.

"నొప్పి లేకపోతే రాయి లేనట్టా? మా స్కూల్లో సైన్సు టీచరు చెప్పింది, నొప్పి లేకుండానే లోపల పాడవచ్చంట. నాన్న వెళ్తానన్నాడు. నేను సెలవు కూడా పెట్టాను. నువ్వే ఆపావు. నీకేం తెలుసని ఆపావు?"

కృపమ్మ చేట ఆపి భర్త వైపు చూసింది. పేపరు ఆయన మొహానికి అడ్డంగా ఉంది. దాని అంచులు పట్టుకున్న వేళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ పేపరు కిందికి దిగుతుందని ఆమె ఎదురుచూసింది. ఒక్క మాట చాలు అనుకుంది. అది దిగలేదు. చాలాసేపు అదే పేజీ.

"చెప్పు నాన్నా, నువ్వన్నా చెప్పు అమ్మకి" అంది సారా.

"పండగ పూట గొడవెందుకు తల్లీ. మీ అమ్మ నా మంచికే చేసింది" అన్నాడు ఎజ్రా, పేపరు వెనక నుంచి.

ఆ మాటకు కృపమ్మకు కోపం రాలేదు. ఏదో చేతిలోంచి జారి పడ్డట్టు మాత్రం అనిపించింది. చేట మళ్ళీ చేతికి తీసుకుంది. సారా ఆ పండగకు రెండు రోజులే ఉండి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఉత్తరాల చివర రెండు వాక్యాలకు బదులు ఒకటే ఉండేది.

1969 అక్టోబరులో ఎజ్రాకు చలిజ్వరం పట్టుకుంది. మలేరియా అనుకుని బిళ్ళలు వేశారు. నాలుగో రోజుకు మొహం ఉబ్బింది, మూత్రం ఆగింది. నొప్పి ఎప్పుడో నెల రోజుల కిందటే మళ్ళీ మొదలైందని, తనకు చెప్పలేదని, అప్పుడు తెలిసింది కృపమ్మకు. సందులో వాళ్ళు నలుగురు కలిసి మంచం మీద స్టేషనుకు మోశారు. తెనాలిలో డాక్టరు పొట్ట నొక్కి చూసి, పాత ఫొటో అడిగి, తల అడ్డంగా ఊపాడు. ఒక కిడ్నీకి చీము పట్టింది, రెండోది కూడా పని చేయడం లేదన్నాడు. ఇప్పుడు కోయడానికి ఒళ్ళు తట్టుకోదన్నాడు.

సారాకు టెలిగ్రాం ఇచ్చారు. ఆమె వచ్చేలోపు ఒక పూట ఎజ్రాకు తెలివి బాగా వచ్చింది. భార్య చేతిని తడుముకుని పట్టుకున్నాడు.

"సారా వస్తోందా?"

"వస్తోందండి. మధ్యాహ్నం బండికి."

"వస్తే చెప్పేస్తాను. వేమూరులో దిగింది నేనేనని చెప్పేస్తాను."

కృపమ్మ ఆయన నుదురు తుడిచింది. ఆయన కళ్ళలో ఎంత బెదురు ఉందో ఆమెకు కనపడుతూనే ఉంది. చెప్పాలన్న బరువు ఒకటి, చెప్తే కూతురు ఎలా చూస్తుందోనన్న బెంగ ఇంకొకటి. "ఇప్పుడవన్నీ ఎందుకండి. ముందు కోలుకోండి" అంది. ఆయన ఊపిరి వదిలి కళ్ళు మూసుకున్నాడు.

సారా వచ్చింది. తండ్రి మంచం పట్టె మీద కూచుని ఆయన చేతులు తన చెంపలకు ఆనించుకుంది. ఎజ్రా ఆమెను గుర్తుపట్టాడు. పెదాలు కదిపాడు. కూతురి భుజం మీదుగా భార్యను చూశాడు, అడుగుతున్నట్టు. కృపమ్మ కొద్దిగా, ఎవరికీ తెలియనంత కొద్దిగా, తల అడ్డంగా ఊపింది. ఆయన ఏమీ చెప్పలేదు. ఆ మర్నాడు పొద్దున పోయాడు.

వరండాలో డాక్టరు సారాతో, "చెప్పిన రోజున వచ్చుంటే ఇంతదాకా వచ్చేది కాదమ్మా" అన్నాడు. అని వెళ్ళిపోయాడు.

సారా తల్లి వైపు తిరిగింది. ఏడుపు లేదు. "విన్నావా? చెప్పిన రోజున వచ్చుంటే. నీ ఆకులు తినిపించి చంపుకున్నావమ్మా నాన్నని."

కృపమ్మ చేతిలో ఎజ్రా కళ్ళజోడు, చేతి గడియారం ఉన్నాయి. వాటిని కొంగున ముడి వేసుకుంటూ, "అవునమ్మా" అంది. అవును అనడంలో అబద్ధం ఎంతో నిజం ఎంతో ఆమెకే తెలియలేదు. ఆయన్ని మళ్ళీ రైలు ఎక్కించలేకపోయింది. ఆకును తన చేత్తోనే పెట్టింది. ఊరందరికీ మందు చెప్పి మురిసిపోయింది.

సమాధి కార్యక్రమం అయిన మూడో రోజే సారా బాపట్ల వెళ్ళిపోయింది. కృపమ్మ డబ్బాలన్నీ పెరట్లో గుమ్మరించింది. మొక్కల్ని పీకి కుప్పేసి కిరోసిన్ పోసి అగ్గిపుల్ల గీసింది. జీవం ఉన్న ఆకు మండలేదు, పొగ చిమ్మి ఉడికింది. మిగిలిన దాన్ని ఎత్తి గోడవతల పోసింది. తుపాను వానలు పడ్డాయి. పదిహేను రోజుల తర్వాత చూస్తే గోడ అవతలా మొలిచింది, పెరట్లో చిందిన ప్రతి ముక్క దగ్గరా మొలిచింది. మళ్ళీ పీకింది. మళ్ళీ మొలిచింది. చలికాలంలో పొడుగు కాడలకు బుడ్డీల్లాంటి ఎర్రటి పూలు వేలాడాయి. ఒకరోజు పీకుతూ పీకుతూ మట్టిలోనే చతికిలపడి, ఇక దాని జోలికి పోలేదు. నీళ్ళూ పోయలేదు. అది అలాగే బతికింది.

రెండేళ్ళకు సారా తన స్కూల్లోనే పనిచేసే మార్కు అనే మాస్టారిని పెళ్ళి చేసుకుంది. బాపట్ల చర్చిలో పెళ్ళి. కృపమ్మ వెళ్ళింది, ముందు వరసలో కూచుంది, అందరితో పాటు భోజనం చేసి వచ్చింది. సారా ఆమెతో మర్యాదగా మాట్లాడింది. "టిఫిన్ తిన్నావా" అని అడిగింది. కృపమ్మకు ఆ మర్యాద ఎంత బాధ పెట్టిందో తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఆకు కోసం వచ్చేవాళ్ళు మాత్రం ఆగలేదు. కృపమ్మ లేదనేది, గోడ పక్కన కనపడుతున్నా లేదనేది. ఒకసారి పెనుమూడి నుంచి బసవమ్మ అనే రైతు ఇల్లాలు వచ్చింది. భర్తకు నడుంనొప్పి, రాయి అన్నారట.

"ఆకు ఎక్కడికీ పోదమ్మా. ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళండి" అంది కృపమ్మ.

"ఆయన రానంటున్నారండి. ఆ బల్ల మీద పడుకోవాలంటే భయమంట. మొగాడు, ఎవరితోనూ చెప్పుకోలేడు. అందుకే ఆకు కోసం నన్ను పంపించారండి."

కృపమ్మ గుమ్మం మీద కూచుంది. తర్వాత, "నేనొస్తాను మీతో. రేపు పొద్దుటి బండికి ఆయన్ని తీసుకురండి" అంది.

మర్నాడు ఆ రైతు ఎదుటి బల్ల మీద కూచుని దారంతా అతనితో మాట్లాడింది. పొలం సంగతి, ఎడ్ల సంగతి. వేమూరులో బండి ఆగినప్పుడు అతను నీళ్ళకని లేవబోతే, చెంబు తానే తీసుకుని దిగి పట్టుకొచ్చింది. తెనాలిలో ఆపరేషన్‌కి అతన్ని లోపలికి తీసుకెళ్ళిన రోజు ఆ మూడు గంటలూ బసవమ్మ చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూచుంది. అతను బతికి బయటపడ్డాడు. పది రోజుల తర్వాత రాయిని కాగితంలో చుట్టి తెచ్చి చూపించాడు. అతను వెళ్ళాక కృపమ్మ తలుపు వేసుకుని, భర్త పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. ఇంత సులువైన పని ఆనాడు తనకెందుకు చేతకాలేదని ఏడ్చింది.

ఆ తర్వాత మూడేళ్ళలో అలా ఏడుగురిని తెనాలి తీసుకెళ్ళింది. రేపల్లె నుంచి బాపట్ల వెళ్ళిన ఎవరో మార్కుతో చెప్పారు, మీ అత్తగారు ఆకు అడిగితే ఇవ్వకుండా ఆస్పత్రికి లాక్కెళ్తోందని. మార్కు ఆ మాట సారాకు చెప్పాడు.

1975 మార్చిలో ఒక శనివారం సారా చెప్పా పెట్టకుండా వచ్చింది. రెండేళ్ళ కొడుకును మార్కు దగ్గర వదిలి ఒక్కతే వచ్చింది. కృపమ్మ వసారాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. సారా చెప్పులు విప్పి పక్కన కూచుని, తనూ ఒక గుప్పెడు కాయలు తీసుకుంది. ఇద్దరూ కాసేపు పని చేసుకున్నారు.

"నువ్వు జనాన్ని తెనాలి తీసుకెళ్తున్నావంట" అంది సారా.

"ఏదో, తోడుగా."

"విన్నప్పట్నించీ నాకు మనసులో ఏదోలా ఉందమ్మా. ఆరేళ్ళు నిన్ను ఒక్కదాన్నీ వదిలేశాను. నేను తల్లినయ్యాక కూడా." ఆమె చేతిలో కాయ తుంచింది, విరిగిన ముక్కల్ని చూస్తూ కూచుంది. "నువ్వు కావాలని చేశావా ఏంటి. తెలియక చేశావు. చేసిన దానికి నీకు నువ్వే శిక్ష వేసుకుంటున్నావు. ఇక నేను మనసులో పెట్టుకోనమ్మా. నిన్ను క్షమించాను."

కృపమ్మ తలెత్తి కూతుర్ని చూసింది. కణతల దగ్గర అప్పుడే రెండు తెల్ల వెంట్రుకలు. పెదవి కొరుక్కుంటోంది, చిన్నప్పుడు పాఠం అప్పజెప్పేటప్పటి లాగే. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నోటి దాకా వచ్చింది కూడా. అయితే అది చెప్తే సారాకు తల్లి మళ్ళీ దక్కుతుంది, తండ్రి పోతాడు. మట్టిలో ఉన్నవాడు వచ్చి తన తరఫున ఏం చెప్పుకోగలడు?

"సరేనమ్మా" అంది.

సారా ఆమె ఒడిలో తల పెట్టుకుంది. ఆరేళ్ళ తర్వాత ఆ జుట్టు మీద చెయ్యి వేసింది కృపమ్మ. మధ్యాహ్నం చిక్కుడుకాయ కూర, చారు వడ్డించింది. సారా రెండోసారి అన్నం అడిగి పెట్టించుకుంది. కొడుకు మాటలు, మార్కు అలవాట్లు, అద్దె ఇంటి గొడవలు అన్నీ చెప్పింది. అన్నింటికీ కృపమ్మ నవ్వింది. లోపల ఏదో ఒకటి విరిగే ఉంది, దాని పక్కనే సంతోషమూ ఉంది.

నాలుగింటి బండికి బయలుదేరే ముందు, ఇంట్లో అలవాటు ప్రకారం ఇద్దరూ మోకరించారు. ఎప్పుడూ ఆ ప్రార్థన ఎజ్రా చేసేవాడు. ఇప్పుడు సారా చేసింది. ప్రయాణం కోసం, బిడ్డ కోసం, స్కూలు కోసం ప్రార్థించింది. తర్వాత గొంతు తగ్గించి, "ప్రభువా, మా అమ్మ తెలియక చేసిన తప్పును మన్నించు. ఆమె మనసుకు నెమ్మది ఇవ్వు" అంది.

కృపమ్మ మూసిన కళ్ళ వెనక కాసేపు ఆగింది. కూతురు ఎదురుచూస్తోందని తెలుస్తోంది.

"ఆమేన్" అంది.

స్టేషను దాకా సారా సంచి తానే మోసింది. ఎంత అడిగినా ఇవ్వలేదు. బండి కదిలేటప్పుడు సారా కిటికీలోంచి చెయ్యి చాపి, "వేసవి సెలవులకి బాపట్ల రావాలి. నెల రోజులుండాలి" అంది.

"వస్తానమ్మా" అంది కృపమ్మ. మే నెలలో వెళ్ళింది కూడా.